ఆ ముసలాయన ఏ భాషలో చెప్పాడు?

1757 జనవరి 24. బొబ్బిలి కోటలో తుపాకుల మోత ఆగిపోయింది. లోపలికి వెళ్లిన ఫ్రెంచి పటాలానికి ఎటు చూసినా శవాలు, కాలిన ఇళ్లు. ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని తమ వాళ్లను తామే చంపుకొని, మగవాళ్లు చివరి మనిషి దాకా పోరాడారు. అంతా ముగిశాక ఒక ముసలాయన ఒక పిల్లవాణ్ణి నడిపించుకుంటూ వచ్చి, లా అనే ఫ్రెంచి అధికారి ఎదుట నిలబెట్టాడు. వీడు బొబ్బిలి రాజు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తాను కాపాడాననీ చెప్పాడు. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ 1778లో వెలువడిన సంపుటంలో ఈ సంగతి రాశాడు. సేనాపతి బుస్సీ కోటలో అడుగు పెట్టలేదట. గుడారంలోనే ఉండి ఆ పిల్లవాణ్ణి ఆదరించి, బొబ్బిలికి బదులుగా తండ్రికి ఇవ్వజూపిన భూములను కొడుకు పేరున రాయించమన్నాడట.

చారిత్రక నవల రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? కోటను కూల్చినవాడే కోట బిడ్డకు దిక్కయ్యాడు. పగ, జాలి, అపరాధం, రాజకీయ లెక్క అన్నీ ఒకే గుడారంలో ఉన్నాయి. అయితే ఓర్మ్ చెప్పకుండా దాటేసిన చిన్న విషయం ఒకటుంది. ఆ ముసలాయన ఏ భాషలో చెప్పాడు? తెలుగులోనే అయి ఉండాలి. లా దాన్ని అర్థం చేసుకున్నది ఫ్రెంచిలో. మరి ఆ రెండింటి మధ్య నిలబడి ఒకరి మాటను మరొకరికి అందించింది ఎవరు? ఓర్మ్ కథనంలో ఆ మనిషి లేడు. అతడు లేకుండా ఆ ఘట్టం జరిగే వీలూ లేదు.

వలస పాలన నాటి యుద్ధాల మధ్య తెల్లవాళ్లకూ స్థానికులకూ పుట్టిన స్నేహాల మీద, ప్రేమల మీద అల్లిన కథల్లో తొంభై పాళ్లు ఈ మనిషిని ఇలాగే మింగేస్తాయి. గాయపడిన సిపాయి పూరి గుడిసెలో కళ్లు తెరుస్తాడు, పల్లె పడుచు గంజి పోస్తుంది, ఇద్దరూ కళ్లతో మాట్లాడుకుంటారు. మూడో అధ్యాయానికి అతడికి తెలుగో, ఆమెకు ఇంగ్లీషో వచ్చేసి ఉంటుంది. ఎలా వచ్చిందని అడిగితే ప్రేమకు భాషతో పనేమిటంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఉత్తరాంధ్ర చరిత్ర తెలిసినవాళ్లకు మింగుడు పడదు. ఇక్కడ రెండు భాషలు రావడం ఆ రోజుల్లో ఒక ఉద్యోగం, ఒక అధికారం, ఒక్కోసారి ప్రాణాపాయం. విజయనగరం, శ్రీకాకుళం నేపథ్యంగా ఇలాంటి కథ రాయాలనుకునేవాళ్లు మొదట తేల్చుకోవలసింది ఇద్దరి మధ్య ప్రేమ ఉందా లేదా అని కాదు. ఆ ఇద్దరి మధ్య నిలబడింది ఎవరు, అతడికి జీతం ఇచ్చింది ఎవరు అని.

మన జానపదులకు ఈ సంగతి బాగా తెలుసు. బొబ్బిలి కథ పాడేవాళ్లు బుస్సీ మీద చూపినంత కోపం, ఆ మాటకొస్తే అంతకన్నా ఎక్కువ కోపం, అతడి దివాను హైదర్ జంగు మీద చూపించారు. బుస్సీ పరాయివాడు, అతడికి ఊరూ తెలియదు, మాటా తెలియదు. హైదర్ జంగు ఇద్దరికీ తెలిసినవాడు. ఇటు విజయనగరం విజయరామరాజు మాట అటు చేరాలన్నా, అటు బుస్సీ ఉత్తర్వు ఇటు రావాలన్నా అతడి నోటి మీదుగానే. శ్రీకాకుళం, రాజమండ్రి సర్కార్ల ఇజారా, అంటే శిస్తు వసూలు గుత్త, విజయరామరాజు చేతికి రావడంలో అతడి పాత్ర ఉంది. అడవిలో సిపాయిల మీద జరిగిన ఒక దాడి బొబ్బిలివారి పనేనని బుస్సీకి నచ్చజెప్పగలిగారు కాబట్టే సైన్యం బొబ్బిలి వైపు కదిలింది. ఆ మాట నిజమా కాదా అని స్వయంగా బొబ్బిలివారిని అడిగి తెలుసుకునే వీలు బుస్సీకి లేదు. అతడు విన్నది రంగారావు గొంతు కాదు, రంగారావు గురించి ఇంకొకరు చెప్పిన మాట.

ఒక నోటి నుంచి ఇంకో నోటికి మారేటప్పుడు మాట ఎంత అరిగిపోతుందో ఊహించుకోవచ్చు. దర్బారు వ్యవహారం పారసీలో, సైన్యం మాట హిందుస్తానీలో, సేనాపతి ఆలోచన ఫ్రెంచిలో, జమీందారు పౌరుషం తెలుగులో. పౌరుషం పారసీలోకి వెళ్లేసరికి ధిక్కారమై, ఫ్రెంచిలోకి వెళ్లేసరికి రాజద్రోహమై ఉంటే ఆశ్చర్యం ఏముంది? బొబ్బిలి యుద్ధాన్ని వీరగాథగా చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని అనువాదంలో జరిగిన విపత్తుగా చూపించే నవల ఒకటి వస్తే బాగుండును.

హైదర్ జంగు కూడా ఆ మరుసటి ఏడే, 1758లో, ఔరంగాబాదులో హత్యకు గురయ్యాడు. రెండు భాషల మధ్య మాట మార్చి చెప్పే దుబాసీ బతుకు అంతే. రెండు పక్షాలకూ కావలసినవాడు, రెండు పక్షాలూ నమ్మనివాడు. ప్రతినాయకుడిగా అతణ్ణి నిలబెట్టడం పాటకు చాలు. నవలకు చాలదు.

ఇక్కడ తెలుగు రచయితకు ఇంగ్లీషు రచయితకు లేని ఒక సదుపాయం ఉంది. అదే ఇబ్బంది కూడా. ఇంగ్లీషులో ఎదుటివాడు ఎవరైనా ఒకటే మాట. తెలుగులో ‘తమరు’, ‘మీరు’, ‘నువ్వు’ మూడు వేరు వేరు మెట్లు. విజయనగరం కోటలో ఒక మున్షీ, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన తెల్లదొరకు తెలుగు నేర్పుతున్నాడనుకుందాం. గురువు కాబట్టి ‘నువ్వు’ అనాలి. దొర కాబట్టి ‘తమరు’ అనాలి. శిష్యుడు పాఠ్యపుస్తకంలో నేర్చుకున్న తెలుగుతో పొరపాటున గురువును ‘నువ్వు’ అంటాడు. గురువు దిద్దుతాడా, మింగేస్తాడా? ఆ ఇద్దరి స్నేహం మొత్తం ఈ ఒక్క సందిగ్ధంలో ఉంది. పది అధ్యాయాల తరువాత ఏదో ఒక రాత్రి మున్షీ నోట ‘నువ్వు’ దొర్లిందంటే పాఠకుడికి వేరే వర్ణన అక్కర్లేదు. ఫ్రెంచిలోనూ ఇలాంటి తేడా ఉంది కనుక, బుస్సీ దండు నేపథ్యంలో ఈ ఆట రెండు వైపులా ఆడవచ్చు. తెలుగులో రాస్తూ తెల్ల పాత్రలన్నిటి చేత మొదటి పుట నుంచి ‘మీరు, మీరు’ అనిపించే రచయిత చేతికొచ్చిన ఆయుధాన్ని ఒరలోనే ఉంచుకున్నట్టు.

పిలుపుల సంగతీ అంతే. ఆ కాలపు తెలుగువాడు ఫ్రెంచివాణ్ణి ‘పరాసు’ అన్నాడు, డచ్చివాణ్ణి ‘వలందు’ అన్నాడు, పోర్చుగీసువాణ్ణి ‘బుడతకీచు’ అన్నాడు. నాలుక తిరగక పుట్టిన మాటలే కావచ్చు, కానీ అవి మనవాళ్లు వాళ్లకు పెట్టుకున్న పేర్లు. మరోవైపు పోర్చుగీసు నుంచి వచ్చిన మేస్త్రీ, ఇస్త్రీ, అలమార, పాదిరి ఇంటి మాటలైపోయి ఎవరి వెంట వచ్చాయో కూడా మరచిపోయాం. ఇక ‘దొర’ అనే మాట ఉంది. అది తెల్లవాడి కోసం పుట్టింది కాదు. అంతకుముందే స్థానిక ప్రభువుకు ఉన్న పేరు, కొండదొరల వంటి కొండజాతి పేరులోనూ ఉంది. తెల్లవాడు వచ్చి ఆ పాత చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అంటే ఇక్కడి రైతు కళ్లకు తెల్లదొర పూర్తిగా కొత్త జంతువేమీ కాదు, పాత దొరతనానికే కొత్త రంగు. రెండు సంస్కృతుల తొలి పరిచయం అనగానే నోరు తెరిచి చూసే పల్లెటూరి జనాన్ని చిత్రించే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలి. పేష్కషు (కప్పం), ఇజారా, సనదు (హక్కు పత్రం) అనే పారసీ మాటలతో తరతరాలుగా వేగిన జనం వాళ్లు. పరాయి అధికారం వాళ్లకు కొత్త కాదు, అది మాట్లాడే భాష మాత్రమే కొత్త.

యుద్ధంలో పుట్టిన బంధాల గురించి మాట్లాడేటప్పుడు, కవులకు నచ్చకపోయినా, ఒప్పందాల దాకా వెళ్లక తప్పదు. బొబ్బిలి దగ్గర విజయరామరాజు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాక గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో విశాఖపట్నాన్ని వాళ్ల నుంచి లాక్కుని ఇంగ్లీషువారిని రమ్మని కబురు పెట్టాడు. మద్రాసు కదల్లేదు. కలకత్తా నుంచి క్లైవు, కర్నల్ ఫోర్డును పంపాడు. దండు ఖర్చులకు రాజు నెలకు 50 వేల రూపాయలు ఇవ్వాలనీ, కొల్లగొట్టింది చెరిసగమనీ, రేవు పట్టణాలు కంపెనీవనీ ఒప్పందం. డబ్బు వేళకు రాక ఫోర్డు విసిగిపోవడం, రాజు వాయిదాలు వేయడం ఆ దండయాత్ర పొడుగునా నడిచాయి. స్నేహితుల మధ్య ఇంత లెక్క ఉంటుందా అని ముఖం చిట్లించనక్కర్లేదు. నిజమైన బంధానికి ఒక ఆనవాలు లెక్కల తగువు కూడా. డబ్బు ఊసే లేని స్నేహాలే చారిత్రక నవలల్లో అనుమానించదగ్గవి.

ఆ ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర జరిగిన పోరులో ఒక వింత జరిగింది. కంపెనీ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకుని ఉన్నారు. ఏపుగా పెరిగిన చేను అడ్డుగా ఉండి తెల్ల పటాలం కనిపించలేదు. ఎర్రకోట్లను చూసిన ఫ్రెంచివాళ్లు వాళ్లే ఇంగ్లీషు పటాలమనుకుని తమ బలమంతా అటు మళ్లించారు. సిపాయిల వరుస చెదిరింది. అప్పుడు చేను చాటు నుంచి అసలు తెల్లవాళ్లు వచ్చి పడ్డారు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. ఒంటి రంగును బట్టి లోకాన్ని రెండుగా చీల్చబోతున్న పాలన తొలినాళ్లలో, ఒక పెద్ద యుద్ధాన్ని కోటు రంగు తేల్చింది. ఆ ఎర్రకోటు తొడుక్కున్న సిపాయి కాసేపు తెల్లవాడయ్యాడు, తెల్లవాడి వంతు గుండ్లు తిన్నాడు, గెలుపు వచ్చేసరికి మళ్లీ నల్లవాడయ్యాడు. చందుర్తి ఇప్పటి కాకినాడ జిల్లాలో ఉన్నా, ఆ దండు వెంట నడిచిన విజయనగరం మనుషుల కళ్లతో చూస్తే ఇది మన కథే. నవలాకారుల కన్ను దీని మీద పడాలి.

దాదాపు 36 ఏళ్లకు, 1794 జూలై 10న, అదే కంపెనీ సైన్యం పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజును చంపింది. పేష్కషు బకాయి పెరిగిందని, గద్దె వదిలి మచిలీపట్నం వెళ్లమన్నారు. అతడు వెళ్లలేదు. కంపెనీ సేనాని ప్రెండర్‌గాస్ట్ దండు వచ్చింది. ఆనంద గజపతి పిలిచి తెచ్చిన స్నేహం ఆయన వారసుడి శవం దగ్గర తేలింది. దీన్ని నమ్మకద్రోహం అనేయడం సులువే. కానీ ఆ మధ్యకాలంలో బంధాల స్వభావమే మారిపోయిందన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. 1791లో కంపెనీ, భారతీయ తల్లికి పుట్టిన కొడుకులకు తన పెద్ద ఉద్యోగాల్లో చోటు లేదంది. 1795లో సైన్యంలో పోరాడే కొలువుల తలుపు కూడా మూసింది. అంతకుముందు తరం కంపెనీ ఉద్యోగుల వీలునామాల్లో ఇక్కడి స్త్రీల ప్రస్తావన, వాళ్ల పిల్లలకు వదిలిన డబ్బు ప్రస్తావన తరచుగా కనిపించేవి. తరువాత తరువాత పలచబడిపోయాయి.

కాబట్టి ఒక తెల్ల అధికారికీ శ్రీకాకుళం నేతపని ఇంటి పిల్లకూ మధ్య ప్రేమకథ రాసేవాళ్లు అది ఏ సంవత్సరమో ముందు రాసుకోవాలి. 1758లో అయితే అది కంటోన్మెంటు అంతా ఎరిగిన సహజీవనం కావచ్చు. 1796లో అయితే పుట్టబోయే కొడుకుకు తండ్రి ఉద్యోగం రాదు, తల్లి కులం రాదు. ఇద్దరి మనసులూ రెండు కాలాల్లోనూ ఒకటే అయినా కథలు వేరు. చట్టం పడకగదిలోకి ఎలా వస్తుందో చూపించడానికే చారిత్రక నవల ఉన్నది. ఆ పని చేయకపోతే పాతకాలపు బట్టలు తొడిగిన ఇప్పటి ప్రేమకథ మిగులుతుంది.

ఇంకో చిక్కు ఆధారాలది. భీమునిపట్నంలో వలందుల శ్మశానం ఉంది. రాళ్ల మీద పేర్లు, తేదీలు, కుటుంబ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. శ్రీకాకుళంలో నాగావళి దగ్గర డచ్చి బంగళా అని జనం పిలిచే కట్టడం శిథిలమై అయినా నిలిచి ఉంది. చికాకోల్ అని తెల్లవాళ్లు నోరు తిరగక పిలిచిన ఆ ఊరి సన్నబట్ట సముద్రాలు దాటింది. పొందూరు నూలు పేరు నేటికీ ఉంది. కానీ ఆ బంగళాలో వంట చేసినవాళ్లు, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు, దొరసానికి జబ్బు చేస్తే నాటుమందు నూరి ఇచ్చినవాళ్లు, బేరాలు తెగ్గొట్టిన దుబాసీలు ఏ రాయి మీదా లేరు. సమాధి రాళ్లను ఆధారం చేసుకుని నవల రాస్తే తెల్ల పాత్రలకు ఇంటిపేర్లు, పుట్టిన ఊళ్లు, జ్వరంతో పోయిన పిల్లల వయసులు వస్తాయి. మన పాత్రలకు ‘ఆయా’, ‘బంట్రోతు’, ‘ముసలాయన’ అనే పేర్లే మిగులుతాయి. రచయిత చెడ్డవాడు కానక్కర్లేదు, ఆధారం ఎటు వంగితే కథ అటు వంగుతుంది. దాన్ని నిలబెట్టడానికి కల్పన కావాలి. ఇలాంటి చోట కల్పన చరిత్రకు చేసే అన్యాయం కాదు, చరిత్ర చేసిన అన్యాయానికి కాస్త సర్దుబాటు.

యుద్ధం పక్కన పెట్టి చూస్తే, రెండు సంస్కృతుల స్నేహం ఈ నేల మీద నిజంగా పండిన సందర్భం ఒకటి అందరికీ తెలిసిందే. 1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకోబోయి తికమకపడ్డాడు. పుస్తకంలో ఉన్న తెలుగు బజారులో లేదు, బజారు తెలుగు పుస్తకంలో లేదు. ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్నకు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, ఆయనతో విజయనగరంలో కలిసి చదువుకున్న గురజాడ జవాబు వెతికారు. వ్యావహారిక భాషోద్యమం అందులోంచి ఊపందుకుంది. తెల్లవాడు వచ్చి మనకు కళ్లు తెరిపించాడన్నట్టుగా ఈ కథను చెప్పేవాళ్లున్నారు. అది తప్పు. గిడుగు అప్పటికే పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుంటూ, మాటను చెవితో వినడం అంటే ఏమిటో తెలుసుకుని ఉన్నారు. ఇంటికి సవర మనిషిని పిలిపించుకుని, కొండలు తిరిగి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మనిషి! కల్పించి రాస్తే అతిగా ఉందని కొట్టేసేవాళ్లం. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

ఈ ఉదంతంలో రెండు పొరలున్నాయి. తెల్లవాడు తెలుగువాడి దగ్గర నేర్చుకున్నాడు, తెలుగువాడు సవర దగ్గర నేర్చుకున్నాడు. మైదానంలో గిడుగు దొర ముందు నిలబడే బడిపంతులు. కొండ మీద సవర ముందు ఆయనే కింది నుంచి వచ్చిన పెద్దమనిషి. రెండు సంస్కృతులు అనగానే తెలుపు-నలుపు లెక్క వేసుకునే నవలలు ఈ మూడో మనిషిని మరచిపోతాయి. మన్యం కొండలతో వియ్యమంది బతికే ఈ జిల్లాల కథ మైదానపు రాజులతో, తెల్లదొరలతో పూర్తికాదు. ఆ సవర గురువు పేరు కూడా గిడుగు పేరుతో పాటు మన బడి పుస్తకాల్లో ఎక్కాలి కదా అనిపిస్తుంది, ఎక్కలేదు.

రెండో ప్రపంచయుద్ధం దగ్గరికి వచ్చేసరికి లెక్కలన్నీ తారుమారు అవుతాయి. అంతవరకు పరాయివాడు ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు మనవాడే పరాయి దేశంలో ఉన్నాడు. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు వేలకు వేలు. ఇక్కడివాళ్ల నోట అది ‘రంగం’. బర్మావాళ్ల నోట మనవాళ్లు ‘కోరంగీలు’. రేవులో మూటలు మోశారు, వరి మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టారు. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నారు. అంతే, రంగంలో నెత్తురు పారింది. యజమాని ఇంగ్లీషువాడు, కొట్టుకున్నది అతడి కింద పనిచేసే ఇద్దరు పేదలు. అయినా అదే ఊళ్లో తెలుగు మగవాళ్లూ బర్మా ఆడవాళ్లూ కలిసి కాపురాలు చేశారు, పిల్లల్ని కన్నారు. ద్వేషం, కాపురం ఒకే వీధిలో ఉండటం చరిత్రకు కొత్త కాదు. నవలలు ఏదో ఒకటే ఎంచుకుంటాయి.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగం మీద పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి చిక్కింది. ఓడలు దొరికినవాళ్లు ఓడల్లో, దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, చింద్విన్ లోయ మీదుగా కాలినడకన బయలుదేరారు. భారతదేశానికి తిరిగి వచ్చినవాళ్లు నాలుగైదు లక్షలంటారు. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్లు వేలు. ఆ నడకలోనూ తెల్లవాళ్ల దారి వేరు, మనవాళ్ల దారి వేరు. రంగం పడిపోయి నెల తిరక్కముందే, ఏప్రిల్ 6న, రియూజో అనే ఓడ మీది నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ ఖాళీ అయింది. విజయనగరం వైపు, పల్లెల వైపు జనం మూటాముల్లె సర్దుకుని పరుగెత్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. కొందరు రంగంలో బాంబులు తప్పించుకుని వచ్చి ఇక్కడ మళ్లీ అదే మోత విన్నారు. నాలుగు నెలలకే ఆగస్టు ఉద్యమం. రోడ్డు మీద కనిపించే తెల్ల సైనికుడు జపాన్ నుంచి కాపాడేవాడా, కాంగ్రెసువాళ్లను జైల్లో పెట్టేవాడా? రెండూ అతడే. ఆ ఏడాది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర అలాంటివాడు ఒకడు నిలబడి దాహం అడిగితే ఇవ్వాలా వద్దా అనే చిన్న సందేహం చుట్టూ ఒక మంచి కథ అల్లవచ్చు.

ఈ కాలానికి సంబంధించి అన్నిటికన్నా రాయదగ్గది సైనికుల కథ కాదు. తండ్రి దారిలో పోయాడనుకుందాం. బర్మా తల్లి, ఎనిమిదేళ్ల కూతురు నడిచి నడిచి సోంపేట దగ్గర ఒక ఊరికి, తండ్రి పుట్టిన ఇంటికి చేరారు. తల్లికి తెలుగు రాదు. నాయనమ్మకు బర్మా రాదు. మధ్యలో తండ్రి నేర్పిన కూలీల తెలుగుతో ఆ పిల్ల ఉంది. కోడలి కులమేమిటని నాయనమ్మ అడుగుతుంది, పిల్ల తల్లికి ఇంకేదో మార్చి చెబుతుంది. తల్లి ఏడుస్తూ ఏదో అంటుంది, పిల్ల దాన్ని ‘అన్నం బాగుందట’ అని నాయనమ్మకు చెబుతుంది. హైదర్ జంగు చేసిన పనే ఈ పిల్లా చేస్తోంది. అతడు అబద్ధంతో ఒక కోటను కూల్చడంలో భాగమయ్యాడని పాటలు చెబుతాయి, ఈమె అబద్ధంతో ఒక ఇంటిని నిలబెడుతోంది. ఎదుటి రెండు పక్షాలకూ తెలియని మాట ఒకటి దుబాసీకి ఎప్పుడూ తెలిసి ఉంటుంది, అతడి ఒంటరితనమూ అదే. ఈ పాత్రను ఊహించడానికి ఎనిమిదేళ్ల పిల్లకన్నా మంచి కన్ను లేదు.

తెలుగులో ఈ కోవ రచనల్లో రెండు గోతులున్నాయి. ఒకటి మంచి తెల్లదొర గొయ్యి: చుట్టూ ఉన్న మన మనుషులందరికన్నా మన దుఃఖం అతడికే ఎక్కువ అర్థమవుతుంది. రెండోది దానికి విరుగుడుగా తవ్వుకున్నది: తెల్లవాడితో కరచాలనం చేసిన ప్రతివాడూ ద్రోహే. రెండిట్లోనూ మన పాత్రలకు సొంత లెక్కలు ఉండవు. ఆనంద గజపతికి ఉన్నాయి, హైదర్ జంగుకు ఉన్నాయి, యేట్స్‌కు పాఠం చెప్పినవాళ్లకూ ఉన్నాయి. ఎవరి లెక్క వాళ్లకు ఉంటూనే ఒకరి మీద ఒకరికి అభిమానం కలగడమే కదా బంధమంటే.

మళ్లీ బొబ్బిలి పిల్లవాడి దగ్గరికి రావాలి. చినరంగారావు పెరిగాడు. బుస్సీ వెళ్లిపోయాడు, ఫ్రెంచివాళ్లే వెళ్లిపోయారు, ఆ కరుణకు ఆసరా లేకుండా పోయింది. అతడు కొంతకాలం విజయనగరంలో బందీగా ఉండి, తప్పించుకుని నైజాం సీమకు చేరాడు. పద్మనాభం యుద్ధం అయ్యాక, విజయనగరం బలాన్ని తగ్గించాలనుకున్న కంపెనీయే అతణ్ణి పిలిపించి బొబ్బిలి తిరిగి ఇచ్చింది. అంటే ఒక తెల్లజాతి కూల్చిన గద్దె మీద ఇంకో తెల్లజాతి అతణ్ణి కూర్చోబెట్టింది, అదీ విజయనగరం రాజు చావు తరువాత. అప్పటికి అతడి వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది. కోట తగలబడిన రోజు అతడికి గుర్తుందో లేదో. సనదు అందించడానికి వచ్చిన ఇంగ్లీషు అధికారి ఏదో మంచిమాట చెప్పి ఉంటాడు. పక్కన నిలబడిన దుబాసీ దాన్ని తెలుగులోకి మార్చి ఉంటాడు. చినరంగారావు ఆ మాట చెప్పిన అధికారి వైపు చూశాడా, మార్చి చెప్పినవాడి వైపు చూశాడా?